దర్జీ ఆవిడ వాళ్లమ్మ రంగు

"మొహాలు కాస్త తెల్లగా రానివ్వు. తెల్లగా వచ్చిందని దెబ్బలాడేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?" స్టూడియో ఆయన భార్యతో రోజూ అనే మాటే ఇది. బోర్డు మీద పేరు ఆయనది. వెనకగదిలో పాత నెగటివ్‌లు స్కాన్ చేస్తూ నడుం విరగ్గొట్టుకునేది ఆమె. వచ్చినవాళ్లతో మాత్రం "మా ఆవిడ ఊరికే కూర్చోలేక ఏదో సాయం చేస్తుంది" అంటాడు. పన్నెండేళ్లుగా ఊరికే కూర్చోలేకపోతోంది, పాపం!

ఆ పని ఆమెకి కొట్టిన పిండి. కలర్ నెగటివ్‌కి పుట్టుకతోనే ఓ నారింజ ఛాయ ఉంటుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీ పట్టీలో అదొక్కటే కనిపిస్తుంది. స్కానర్‌కి ఆ పట్టీ చూపించి, ఈ ఛాయ తీసెయ్ అంటే చాలు, చాలావరకు రంగులు వాటి చోటికి అవే వస్తాయి. ఆమె మాత్రం పట్టీ వదిలేసి, మొహం మీద గురిపెట్టి, అది తెల్లబడేదాకా రంగులు జరిపేది. తన పెళ్లి ఆల్బమూ అలా తయారైందే. "ఫొటోలోనైనా కోడలు తెల్లగా ఉండనీరా" అని అత్తగారంటే అందరితోపాటు తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చచ్చేంత సిగ్గు.

మొన్న వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ, చనిపోయిన వాళ్లమ్మ నెగటివ్ ఇచ్చి వెళ్లింది. నిన్న ప్రింటు చేతిలోకి తీసుకుని, "ఎవరండీ ఈవిడ?" అంది.

"పాత ఫిల్మ్ కదమ్మా, రంగు పోయుంటుంది. అంతేనా?" అని స్టూడియో ఆయన వెనక్కి, భార్య వైపు తిరిగాడు.

ఆమె తలూపింది. దర్జీ ఆవిడ వెళ్లిపోయింది.

ఇవాళ పొద్దున్నే ఆయన భార్య స్కానర్‌కి పట్టీ చూపించి ఆ నెగటివ్‌నే మళ్లీ స్కాన్ చేసింది. నిన్నటి ప్రింటులోని గులాబీ గోడ సున్నం గోడైంది. పాలిపోయిన చీర ఆకుపచ్చబడింది. దాని మధ్య నల్లటి మొహం, నిగనిగలాడుతూ, నవ్వాపుకుంటూ. ఛీ, ఈ మనిషినా నేను చెరిపేసింది అనుకుంది. మొగుడికి చెప్పకుండా ప్రింటు పట్టుకుని దర్జీ కొట్టుకి నడిచింది.

దర్జీ ఆవిడ మిషన్ ఆపి, ఫొటోని కళ్లకి అద్దుకుంది. "మా అమ్మే! మరి ఫిల్మ్‌దే తప్పన్నారుగా?"

"ఆయన అబద్ధం చెప్పారు. నేను తలూపాను. తెల్లగా చేసింది నేనేనమ్మా."

దర్జీ ఆవిడ ఫొటోని మిషన్‌కి ఆనించి నిలబెట్టింది. తర్వాత మెల్లగా అంది. "నల్లగా పడతానని ఫొటో అంటేనే పారిపోయేది మా అమ్మ. ఉన్న బొమ్మ ఇదొక్కటే. నువ్వు ఉన్నట్టే బాగుంటావే, ఎవరూ నిన్ను మార్చరని ఒట్టేసి నేనే కెమెరా ముందు నిలబెట్టాను."