బల్ల దగ్గర నోరెత్తకూడదు

ఆల్బన్ క్విర్క్ ముప్పై ఎనిమిదేళ్లు సూర్యుణ్ణి గీశాడు. చిత్రకారుడేమీ కాదు, సూర్యుడి మీద పరిశోధన చేసే భౌతికశాస్త్రవేత్త. గొర్రెల మేత భూముల మధ్య ఉన్న మా వేధశాలలో రోజూ పొద్దున తొమ్మిదింటికి, నేల వేడెక్కి గాలి వణకడం మొదలుకాకముందే, టెలిస్కోపులోంచి సూర్యబింబం బల్ల మీది కాగితం మీద పళ్లెమంత పడేది. అందులో నల్లగా కనిపించే మచ్చల్ని వాడు పెన్సిలుతో ఉన్నవి ఉన్నట్టు గీసి, లెక్కపెట్టి, తేదీ వేసి సంతకం చేసేవాడు. నా పేరు క్లారీ, అక్కడి మెకానిక్కుని. అద్దాలు తుడవడం, ఇరుసులకు నూనె పెట్టడం, వాడు గీస్తున్నంతసేపూ పక్కనే నిలబడి బింబం బల్ల మీంచి జారిపోకుండా చూడడం నా పని.

ఆ పనికి రెండు కట్టుబాట్లు ఉండేవి. గీసే మనిషి మారకూడదు, ఎందుకంటే ఒకరి కంటికి ఆనింది మరొకరికి ఆనదు, మనిషి మారితే పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొంతన ఉండదు. రెండోది, గీసేటప్పుడు పక్కవాడు నోరెత్తకూడదు.

"అక్కడొకటుంది చూడు అన్నావనుకో, లేకపోయినా కనబడి చస్తుంది," అని నేను చేరిన మొదటి రోజే నాతో అన్నాడు. "బల్ల దగ్గర నువ్వు మూగోడివి. అర్థమైందా?"

"ఇంట్లో అలవాటేలే," అన్నాను.

వాడి భార్య ఊనా చనిపోయినప్పుడు అంత్యక్రియలు పదకొండింటికి. వాడు తొమ్మిదింటికి నల్ల సూటులోనే వచ్చి, గీసి, చేతులు కడుక్కుని చర్చికి వెళ్లాడు. ఊరంతా వాణ్ణి తిట్టింది. నాకు మాత్రం జాలేసింది. వాడికి ఆ కాగితాలు తప్ప ఇంకేమీ మిగల్లేదని నాకు తెలుసు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక పొద్దున బింబం అంచు దగ్గర చిన్న మచ్చలు మూడు చూశాను. ఆవగింజల్లో సగం ఉంటాయి. వాడి పెన్సిలు వాటిని దాటుకుని పోయింది. నేను నోరెత్తలేదు. కాగితం మీది మురికేమో అనుకున్నాను. అప్పుడే వాడు అలవాటు ప్రకారం బల్లను వేలితో తట్టాడు. తట్టినప్పుడు మురికైతే కాగితంతోపాటు కదులుతుంది, సూర్యుడి మీద మచ్చయితే ఉన్నచోటే ఉంటుంది. ఆ మూడూ కదల్లేదు. వాడు సంతకం చేసేశాడు.

తర్వాతి నెలల్లో అలాంటివి చాలా చూశాను. పెద్దవాటిని వెంట్రుకవాసి తేడా లేకుండా గీసేవాడు, చిన్నవాటిని వదిలేసేవాడు. శాస్త్రవేత్త వాడు, నట్లు బిగించేవాణ్ణి నేను. వదలడానికి ఏదో లెక్క ఉండే ఉంటుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మూడేళ్లకు వాడి వ్యాసం వచ్చింది. సూర్యుడి మీద చిన్న మచ్చలు ఏటేటా తగ్గిపోతున్నాయని, సూర్యుడి లోపలి అయస్కాంత శక్తి నీరసిస్తోందనడానికి అది గుర్తని అందులో రాశాడు. ఎక్కడెక్కడివాళ్లో ఉత్తరాలు రాశారు. అరవయ్యో ఏట వాడికి పేరొచ్చింది. ప్రతి శుక్రవారం సాయంత్రం మేమిద్దరం కూర్చునే పబ్బులో ఆ వారం అందరికీ బీరు పోయించాడు. ఊనా పోయాక వాడు అంతగా నవ్వడం చూసింది అప్పుడే. అప్పుడు చెప్పాల్సింది. గ్లాసెత్తి "ఇది నీ పేరు మీద" అన్నాను. నా బతుకులో నేను చేసిన పిరికిపని ఏదంటే అదే.

ఇంకో ఆరేళ్లు గడిచాయి. మచ్చల్ని ఫోటో తీసే కొత్త కెమెరా బిగించడానికి టోంగా దీవుల అమ్మాయి సలోటే వచ్చింది. గట్టి మనిషి, మంచి పనిమంతురాలు. సూర్యుడి మీద లేచే మంటల కోసం పదేళ్లుగా తీసిన ఫిల్ములు మా దగ్గర డబ్బాల్లో పడి ఉన్నాయి. మచ్చల కోసం వాటిని ఎవరూ చూడలేదు. తన కెమెరాతో పోల్చుకోవడానికి ఆమె రెండు నెలలు కూర్చుని చూసింది. ఆల్బన్ రాజధానిలో పెద్ద సభకు వెళ్లబోయే వారం మా టీ గదిలోకి వచ్చింది.

"ప్రొఫెసర్ గారూ, కోప్పడకండి. ఫిల్ముల్లో చిన్న మచ్చలు తగ్గలేదండీ. మీ కాగితాల్లోనే తగ్గాయి."

"నీ ఫిల్ములో దుమ్ముందేమోనమ్మా."

"దుమ్ము రోజుకింత చొప్పున సూర్యుడితో పాటు తిరగదు కదండీ."

ఆల్బన్ కప్పు కింద పెట్టాడు. ఆమె వైపు కాదు, నా వైపు చూశాడు.

"నీకు కనబడేవా?"

"కనబడేవి."

"ఎప్పట్నుంచి?"

"తొమ్మిదేళ్లయింది."

సలోటే నెమ్మదిగా బయటికి వెళ్లిపోయింది. రేకుల కప్పు మీద మాగ్‌పై పిట్టలు నడుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"బల్ల దగ్గర నోరెత్తొద్దన్నావు కదరా," అన్నాను. ఆ మాట నాకే సిగ్గుగా వినబడింది.

"బల్ల దగ్గర వద్దన్నాను. పబ్బులో చెప్పొచ్చుగా, క్లారీ. తొమ్మిదేళ్లలో ఎన్ని శుక్రవారాలు రా?"

నేను వాడి కప్పు తీసుకెళ్లి కడిగాను.

సభకు వాడు వెళ్లలేదు. వ్యాసం తప్పని తానే రాసి పంపాడు. కళ్ల డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని చెప్పింది. అవి నెమ్మదిగా పెరిగేవి, చదువుకు అడ్డురావు, సన్నటి మసక తేడాలనే ముందు మింగేస్తాయట. పెద్ద అక్షరాల పట్టీ చదివి తన కళ్లు భేషుగ్గా ఉన్నాయని వాడు ఏటా మురిసేవాడు.

"కంటికి ఇరవై నిమిషాల ఆపరేషనండీ," అందామె. "తొమ్మిదేళ్ల కిందట వచ్చినా అంతే."

ఆ మాట విన్నప్పుడు వాడి పక్క కుర్చీలో నేనున్నాను. నన్ను కొట్టినా బాగుండేది.

ఆపరేషనై కట్లు విప్పిన మూడో వారం వాడు వేధశాలకు వచ్చాడు. తొమ్మిదైంది, మబ్బు తునకైనా లేదు. కాగితం పరిచాను, బింబం పడింది. వాడు వంగి చాలాసేపు చూశాడు. బల్లను వేలితో తట్టాడు. నేను మూగవాడిలా నిలబడ్డాను.

"పదకొండున్నాయి," అన్నాడు. "అంచు దగ్గర ఆ నలుసుతో కలిపి. అవునా?"

"అవును."

"ఎక్కడికీ పోలేదురా. అన్నీ ఇక్కడే ఉన్నాయి."

పెన్సిలు తీశాడు, తేదీ వేశాడు. ఆగిపోయాడు. ఇప్పుడు గీసేది వేరే కన్ను. ఫిల్ములు లేని ఏళ్లలో ఆ పాత కంటి లెక్క ఏ ఏడాది దాకా నిజమో, ఎక్కణ్ణుంచి అబద్ధమో ఎవ్వరూ తేల్చలేరు. అది నాకంటే వాడికి బాగా తెలుసు. కాగితం నా వైపు తోసి కోటు తీసుకున్నాడు.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం పబ్బులో మా ఇద్దరి బీర్లూ తెప్పించి, మూసేదాకా ఎదురుచూశాను. వాడు రాలేదు.