ఇరవై తలుపుల గోడ

ఆ మధ్యాహ్నం బయలుదేరేటప్పుడు నా చేతిలో ఉన్నవి పదకొండు మంది మనుషులు, ఒక డజను పసుపుపచ్చ వానకోట్లు, ఒక గొడుగు, ముప్పై ఏళ్లు దుకాణంలో కూర్చుని పదును పెట్టుకున్న నాలుక.

ఊరు చూడవచ్చినవాళ్లను మా పేట సందుల్లో రెండు గంటలు నడిపించడం నా పని. గోడల మీది బొమ్మలు చూపిస్తాను, మధ్యలో నాలుగు చోట్ల ఏదో ఒకటి తినిపిస్తాను. అంతకుముందు ఉల్లిపాయల టోకు వ్యాపారం చేశాను. ఉల్లిపాయలు కుళ్లుతాయి, గోడలు కుళ్లవు. అందుకని ఇటు మళ్లాను.

చినుకులు పడుతున్నాయి. పల్చటి కోట్లు, తలమీదికి లాక్కునే టోపీ ఉన్నవి, పదకొండు మందికీ తొడిగించాను. ఒకటి సంచిలో మిగిలింది. మొదటి గోడ మీద బస్సును మింగుతున్న చేప ఉంటుంది. అక్కడ అలవాటు ప్రకారం తలలు లెక్కపెట్టాను. పన్నెండు వచ్చాయి.

పన్నెండో తలకు కోటు లేదు. ముప్పై ఏళ్ల మనిషి, చెప్పులు కూడా లేవు.

"అమ్మా, మీరు మా జట్టు కాదే?"

"గట్టిగా అడక్కన్నా. నా దగ్గర డబ్బుల్లేవు. ఈ పేట దాటేదాకా మీలో కలిసి నడవనియ్యి చాలు. వెనకాల మందుల షాపు దగ్గర బూడిదరంగు చొక్కా. మా ఆయన. ఇల్లొదిలి తొమ్మిది రోజులైంది."

"కూర్చుని మాట్లాడుకుంటే..."

"తివాచీలు పరిచే పని ఆయనది. భుజాన ఉన్న సంచిలో తివాచీలు కోసే కొక్కెం కత్తి ఉంది. మొన్న మా అక్క గుమ్మంలో నిలబడి, ఈసారి దొరికితే మాట్లాడను అని చెప్పి వెళ్లాడు."

నేను ధైర్యవంతుణ్ణి కాను. ఉల్లి బస్తా మీద ఎలుక కనబడితే కుర్చీ ఎక్కిన రకం. ఆమె మీద జాలి కలిగిందని చెప్పుకుంటే బాగుంటుంది గాని, అప్పుడు నాకు తోచింది ఒక్కటే: ఆ కత్తి నా జట్టు మధ్యలో బయటికి రాకూడదు. నా సంచిలో మిగిలిన కోటు తీసి ఇచ్చాను. తొడుక్కుని గుంపులో కలిసిపోయింది. వెనకనుంచి చూస్తే అందరూ ఒక్కటే.

అంతా సర్దుకుందనుకున్నాను. తప్పు ఆ తర్వాత చేశాను.

"ఏంటిది, ఊరేగింపా?" బూడిదరంగు చొక్కా మనిషి నా పక్కనే నిలబడి ఉన్నాడు. గొంతు మెత్తగా ఉంది.

"గోడలు, తిండి సార్. రెండు గంటలు."

"నేనూ రావచ్చా?"

గుమ్మంలోకి వచ్చిన బేరాన్ని నేను ఎన్నడూ తిప్పి పంపలేదు. నా బుర్ర కదిలేలోపు నోరు టికెట్టు ధర చెప్పేసింది. తడిసిన నోట్లు నా అరచేతిలో పడ్డాక గాని, తోడేలుకు టికెట్టు కోశానని తెలియలేదు.

అతను ముందుకు రాలేదు. వెనకనుంచి ఒక్కొక్కరి పక్కకీ చేరి, వంగి, టోపీలోకి తొంగిచూడడం మొదలుపెట్టాడు. "ఎక్కడో చూసినట్టుంది మిమ్మల్ని," అనేవాడు. కాదని తేలగానే తర్వాతి మనిషి. నేను పెద్ద గుడ్లగూబ బొమ్మ గురించి చెప్పాల్సింది పోయి మళ్లీ చేప గురించే చెప్పాను.

జట్టులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. ఆయన ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"గైడు గారూ, మనం బయలుదేరినప్పుడు పదకొండు. ఈ బాబును తీసేసినా ఇప్పుడు పన్నెండు. ఆ పన్నెండో మనిషి ఎవరండీ?"

బూడిద చొక్కా మనిషి తల తిప్పాడు. "అవును. ఎవరు?"

"నన్ను కలుపుకుని పన్నెండు మాస్టారూ."

"మీకు గొడుగుంది. నేను లెక్కపెట్టింది కోట్లు."

"అయితే మీరు లెక్కపెట్టాక ఆఖర్న వచ్చి చేరిన పెద్దాయన అయ్యుంటాడు. లెక్కల్లో మిమ్మల్ని కొట్టగలనా!" అని నవ్వాను. నవ్వు నాకే ఏడుపులా వినిపించింది. మాస్టారు ఇంకేదో అనబోయి, ఒక కోటు కింద కనబడుతున్న చెప్పుల్లేని పాదాల దగ్గర చూపు ఆపి, నోరు మూసుకున్నాడు.

తర్వాతి మజిలీ మా బావ చేపల అంగడి. మా అక్క మొగుడు. మూకుడు ముందునుంచే కేకేశాడు.

"ఏం బావమరిదీ, పదకొండన్నావు, పేటంతా తోలుకొచ్చావు! పైవాళ్లకి ముళ్లు పెట్టనా?"

చూరు కిందకు రాగానే జనం టోపీలు వెనక్కి తియ్యబోయారు. తినేటప్పుడు ఎవరైనా అదే చేస్తారు. "తియ్యొద్దు! వాన పెరుగుతోంది, పొట్లాలు పట్టుకుని నడుస్తూ తిందాం," అన్నాను.

"నా చేప నడుస్తూ తినేదిటరా?" బావకు కోపం వచ్చింది.

ఏం చెప్పను? ఆ మనిషి నా మోచేతి దూరంలో ఉన్నాడు. చెయ్యి చాపి బావ షట్టరు పట్టుకుని సగానికి లాగాను.

మా వీధిలో దానికి విలువుంది. రౌడీ మూక గాని, దొంగ గాని వీధిలోకి దిగితే, చూసినవాడు మాట్లాడకుండా షట్టరు సగం దించుతాడు. అది చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఎదుటివాడు. ఎందుకని ఎవరూ అడగరు. ఉత్తినే దించినవాడికి మాత్రం ఏడాదిపాటు వీధిలో అడిగినా నిప్పు కూడా పుట్టదు. బావ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. గరగరమంటూ ఒకదాని వెనక ఒకటి షట్టర్లు దిగుతూ, ఆ చప్పుడు మాకంటే ముందు వీధి చివరికి పోయింది.

నేను వేసుకున్న లెక్క ఇది. వీధి చివర బేకరీ. దాని వెనక గోడ మీద ఇరవై తలుపులు గీసి ఉంటాయి, నీలం, ఎరుపు, తుప్పు రంగు, గొళ్లాలతో సహా. పంతొమ్మిది బొమ్మలు. ఎడమనుంచి తొమ్మిదోది అసలు తలుపు. మా నడకలో చివరి ఆట అదే. ఒక్కో తలుపు ముందు ఒక్కొక్కరు నిలబడి, నేను చప్పట్లు కొట్టగానే తొయ్యాలి. అసలుది దొరికినవాళ్లకు మరో బన్ను. ఆ తలుపులోనుంచి పొయ్యి గది దాటితే అవతల పెద్ద రోడ్డు, బస్సులు.

సగం దూరం నడిచాక తట్టింది. షట్టరు సగం దిగిందంటే, ప్రతి దుకాణంలోనూ మొదట చేసే పని వెనక తలుపుకు గడియ పెట్టడం! ఆ గడియ నా చేత్తో నేనే వేయించాను.

వెనక్కి తిరగడానికి లేదు. బూడిద చొక్కా అప్పటికి ఏడుగురి మొహాలు చూసేశాడు.

గోడ దగ్గర ఒక్కొక్కరినీ నిలబెట్టాను. ఎనిమిదో తలుపు ముందు మాస్టారు. తొమ్మిదో దాని ముందు ఆమె.

"మీరు ఇరవయ్యోది తీసుకోండి సార్."

"నాకు ఆటలొద్దు," అని అతను మొదటి తలుపు దగ్గరికి పోయాడు. అందరూ గోడవైపు తిరిగి ఉన్నారు. సంచి జిప్పు తీసిన చప్పుడు విన్నాను. మొదటి టోపీ. రెండోది. చూసినవాళ్లను కూడా మళ్లీ చూస్తున్నాడు.

రోజూ ఆటకు ముందు గోడ ఇవతలనుంచి బేకరీ నడిపే ఆవిడకు, వీధంతా అక్కా అనే పిలుస్తాం, బన్నుల లెక్క కేక వేస్తాను. తెల్లారే పదకొండు చెప్పి ఉన్నాను. నాలుగేళ్లలో చెప్పిన లెక్కమీద ఒక్క బన్ను పెంచిన పాపాన పోలేదు. ఆవిడ నన్ను పిసినారి పీనుగ అనేది అందుకే. ఇవాళ ఒకటి పెంచితే తలుపు అవతల ఎవరికో ఆపద అని ఆవిడకు తట్టాలి.

"అక్కా! పన్నెండు!"

లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆరో టోపీ. ఏడోది. మళ్లీ అరిచాను. "అక్కా, పన్నెండు!" చప్పట్లు కొట్టాను. అందరూ తోశారు. ఆమె తోసింది. తలుపు కదల్లేదు.

ఎనిమిదో టోపీ మీద అతని చెయ్యి పడింది. మాస్టారు ఆ మణికట్టును రెండు చేతులతో పట్టేసుకున్నాడు.

"ఏం బాబూ, నా నెత్తి మీద చెయ్యేంటి? తల తడిస్తే జలుబు చేస్తుంది నాకు. ఏ బళ్లో చదివావు నువ్వు?"

"వదులు ముసలోడా!"

"ఏ బళ్లో అని అడిగాను!"

గడియ తీసిన చప్పుడు. తలుపు మూరెడు తెరుచుకుంది. మోచేతిదాకా పిండి అంటిన చెయ్యొకటి వచ్చి పసుపు కోటును గుంజుకుంది. తలుపు మూసుకుంది. మళ్లీ గడియ.

అతను మాస్టారును నెట్టేసి తలుపును తన్నాడు, భుజంతో గుద్దాడు. తర్వాత నావైపు తిరిగాడు. కొక్కెం కత్తి అప్పటికే చేతిలో ఉంది. గొడుగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాను. అతను చూస్తున్నది నన్ను కాదని కాసేపటికి తెలిసింది. నా వెనక వీధి వీధంతా నిలబడి ఉంది, ముందు మా బావ, చేతిలో పొగలు కక్కుతున్న గరిటెతో.

"సగం షట్టరు ఎవడికోసం రా?" అన్నాడు బావ.

నేను వేలు చూపించాను. అందరూ కలిసి అతణ్ణి పట్టుకుని, కత్తి లాక్కుని దాని సంచిలో పడేశారు.

పోలీసులు వచ్చేదాకా బావ ఆ కత్తి సంచి మీద కూర్చున్నాడు. మాస్టారు మోచెయ్యి దోక్కుపోయింది. "పన్నెండో మనిషెవరో మీరు చెప్పకపోయినా తేలింది లెండి," అన్నాడు, నేను కట్టు కడుతుంటే.

మూడో రోజు బేకరీకి ఫోను వచ్చింది. చేరాను అని చెప్పిందట. ఎక్కడికని అక్క అడగలేదు, ఆమె చెప్పలేదు. అతను ఎప్పటికైనా జైలునుంచి బయటికి వస్తాడు. ఆ సంగతి తలుచుకుని నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆమె బస్సుకని అక్క తన డబ్బు ఇచ్చి పంపిందట, అతని టికెట్టు డబ్బు అక్కకిచ్చి ఆ బాకీ తీర్చేశాను.

ఇక లెక్క. పదకొండు మందిని తీసుకెళ్లాను, పదకొండు మందినీ తిరిగి తెచ్చాను. కోట్లు పన్నెండు పోయి పదకొండు వచ్చాయి. బన్ను ఒకటి అదనంగా ఖర్చు. నాలుగు రాత్రుల నిద్ర పోయింది, దాన్నీ ఖర్చులోనే రాస్తాను. వచ్చింది ఒకే ఒక్క మాట, చేరాను అని. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత లాభం నేను చూడలేదు.