మారని అంకె

మొహసిన్‌ను జీపెక్కించడానికి ఎస్సై లేవబోతుండగా మొహసిన్ భార్య ఫౌజియా వచ్చి నందిని ముందు నిలబడింది.

"అక్కా, గీ మిషిన్ జేసింది నువ్వే గదా. మా ఆయన జెయ్యలేదని ఒక్క మాట చెప్పు."

నందిని తల దించుకుంది. పెర్కిట్‌లో ఈ పసుపు పరీక్ష కేంద్రం తెరిచిన రోజు మైకు పట్టుకుని గొప్పలు చెప్పింది తనే. రంగు కలపని పసుపుకే సర్టిఫికెట్ వస్తుందనీ, దాని మీది డిజిటల్ సంతకం ఇక్కడ మొహసిన్ నడిపే మిషన్‌లో తప్ప ఇంకెక్కడా పడదనీ, దొంగ సంతకం పుట్టించడం ఎవడి తరమూ కాదనీ. ఇప్పుడు రంగు పూసిన పాత పసుపు కొమ్ము లారీ నిండా దొరికింది, అదే సంతకంతో. ఆ సరుకు లారీకెత్తింది నందిని భర్త రంజిత్ మేనమామ పాలిష్ మిల్లులో. సర్టిఫికెట్ చూసే ఎత్తినం, మాకేమెరుక అన్నాడాయన. ఆ రోజు నందిని మాట్లాడిన వీడియో ఎస్సై ఫోన్లో ఉంది. మొహసిన్‌ను పట్టుకోవడానికి అది చాలు.

నందిని కంపెనీలో రంజిత్ కూడా భాగస్వామే. అతను మొహసిన్ భుజం మీద చెయ్యేసి నచ్చజెబుతున్నాడు. ఒప్పుకుంటే కేసు తేలికవుతుందట, పిల్లల మొహం చూడాలట.

"లెక్కలు అబద్ధం చెప్పవు భాయ్."

"మనుషులు చెప్తరు గదా," అన్నాడు మొహసిన్.

పొద్దున ఈ గొడవలో కూడా అతను ఎప్పటిలాగే నందినికి చాయ్ తెచ్చిచ్చాడు. ఆమె తాగింది. అప్పటికే ఆమెకు సగం నిజం తెలుసు.

సంతకంలో రెండు ముక్కలుంటాయి. మొదటి ముక్క ఒక రహస్యపు అంకె నుంచి పుడుతుంది; అంకె మారకపోతే ఆ ముక్కా మారదు. ప్రతి సంతకానికీ మిషన్ కొత్త అంకె తీసుకోవాలి, వాడి పారెయ్యాలి. అదే అంకె మళ్లీ వాడితే, ఆ రెండు సంతకాలు పక్కపక్కన పెట్టుకుని మిషన్ లోపలి తాళంచెవిని లెక్కగట్టి లాగెయ్యొచ్చు. ట్రయల్ రోజుల్లో తప్పులు వెతకడం సులువని నందిని ఆ అంకెను మారకుండా కట్టేసింది. తర్వాత విప్పడం మరిచిపోయింది. పొద్దున చూస్తే, మొహసిన్ ఇచ్చిన సర్టిఫికెట్లన్నింట్లో మొదటి ముక్క ఒక్కటే. నోరు విప్పితే కంపెనీ పోతుంది, పరువు పోతుంది. అందుకే ఊరుకుంది.

ఫౌజియా ఇంకా కదల్లేదు.

నందిని లారీతో దొరికిన సర్టిఫికెట్ అడిగి తీసుకుని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. మొదటి ముక్క వేరుగా ఉంది. అంటే ఇది మొహసిన్ మిషన్‌లో పుట్టలేదు. తన తప్పే అతన్ని విడిపించే సాక్ష్యం. ఊపిరి పీల్చుకోబోయి ఆగింది. ఆ ముక్కను ఎక్కడో చూసింది.

సంతకం చేసే ప్రోగ్రాంకు ట్రయల్ కాపీలు రెండే. ఒకటి ఆమెది, మిషన్లోకి ఎక్కింది అదే; రెండోది రంజిత్‌ది. తన కాపీలో ఏ అంకె కట్టాలని అడిగి, అతనే నవ్వుతూ అన్నాడు, మన పెళ్లి తేదీ పెడుతున్న, ఇగ మరువను అని.

నందిని ఆ తేదీ కొట్టింది. తెర మీద వచ్చిన ముక్కకూ, దొంగ సంతకంలోని ముక్కకూ అక్షరం తేడా లేదు. తాళంచెవి లాగినవాడు సంతకాలు మాత్రం తన పాత కాపీతోనే చేశాడు. ఆమె మరిచిపోయినట్టే అతనూ అంకె విప్పడం మరిచిపోయాడు.

రంజిత్ తెర చూశాడు. మొహసిన్ భుజం మీది చెయ్యి తీశాడు.

"ఇంటికి పోయి మాట్లాడుదాం నందూ," అన్నాడు మెల్లగా.

ఆమె లేచింది.

"సార్, మొహసిన్ భాయిని వదిలిపెట్టుండ్రి. తాళం తెరిచి పెట్టింది నేను."

"మరి లోపలికి వొయ్యిందెవరమ్మా?"

నందిని ఫౌజియా కళ్లలోకి చూసింది, ఆ రోజు మొదటిసారి.

"రంజిత్," అంది. "మా ఆయన రంజిత్."