దుప్పికి నచ్చిన కాగితం

శనివారం పొద్దున్న ఏడింటికి నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చిన దయావతి నిద్రపోదు. కుక్కర్లో బియ్యం పడేసి, రైఫిల్ పెట్టెకి తాళం వేసి కారు డిక్కీలో పెట్టుకుని, మూడు రకాల తూటాల పెట్టెలు సంచిలో సర్దుకుని, కెనడాలోని రెజైనా ఊరు దాటాక పావుగంట దూరంలో ఉన్న షూటింగ్ రేంజికి బయల్దేరుతుంది. సెప్టెంబరు మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస.

తొమ్మిదింటికి దుప్పి వచ్చేది.

అది ఎల్క్ దుప్పి, గుర్రమంత ఎత్తు. పార్కింగులో ట్రక్కుల మధ్య నుంచి, ఏ అద్దానికీ తగలకుండా కొమ్ములు పక్కకి వంచుకుంటూ నడిచొచ్చేది. రేంజి చూసుకునే ముసలాయన గార్నెట్ దాన్ని చూడగానే ఎర్రజెండా ఎత్తేవాడు. అందరూ రైఫిళ్లు ఖాళీ చేసి, బల్లల మీద పెట్టి, వెనక్కి జరిగేవాళ్లు. దుప్పి వంద మీటర్ల బోర్డు దాకా వెళ్లి దయావతి కాల్చిన కాగితాలు చూసుకునేది. ఒక్కో కాగితం మీద ఏదో ఒక్క చిల్లుని నాలుకతో తాకి, వచ్చిన దారినే పోయేది. జెండా దిగేది. మళ్లీ ఎవరి గోల వాళ్లది.

ఆ చుట్టుపక్కల అది మామూలే. ఎల్క్ వేటకి లాటరీ తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ల దుప్పి, సీజను మొదలయ్యేలోపు వచ్చి వాళ్ల గురి చూసుకుంటుంది. నచ్చితే అక్టోబరులో ఎదురొచ్చి నిలబడుతుంది, నచ్చకపోతే తనంతట తను మళ్లీ రాదు. నాలుగేళ్లు వరసగా అప్లై చేస్తే ఈ ఏడు దయావతి పేరు తగిలింది.

"నాలుగోసారి వచ్చిందంటే ఇంకా తేల్చుకోలేదన్నమాట," అన్నాడు గార్నెట్ జెండా దింపుతూ. "మహా అయితే ఐదుసార్లు వస్తాయి. ఆరోసారి వచ్చింది నేనైతే చూళ్లేదు."

అంటే ఇంకొక్క శనివారం.

రైఫిల్ ఎలియాజరు బాబాయిది. దయావతి నాన్నకి తమ్ముడు, పాలకొల్లు నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాడు, తెలుగు సంఘంలో పెద్ద. పోయినేడు ఆయన దుప్పి ఒక్కసారే వచ్చి, కాగితం చూసి, మొహం తిప్పుకుని పోయింది. "దానికేం తెలుసు" అనుకుని బాబాయి నవంబరులో దాని వెంటపడ్డాడు. పొద్దుగూకే వేళ కాల్చాడు. కడుపులో తగిలింది. రెండు రోజులు మంచులో నెత్తురు చుక్కల వెంట నడిచాడు, దొరకలేదు. అప్పట్నుంచీ భోజనాల దగ్గర ప్రార్థన చెయ్యమంటే "నువ్వు చెయ్యమ్మా" అని తల దించుకుంటాడు. రైఫిల్ని దయావతి పేరుకి మార్చేశాడు.

నా చేతిలో మాత్రం అలా జరగదు అనుకుంది దయావతి. జరగకూడదు అనలేదు, జరగదు అనే అనుకుంది. ఆమె మనిషే అంత.

ఆ శనివారం సాయంత్రం వంటింట్లో క్రిస్టో లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. మొగుడు గవర్నమెంటాఫీసులో ఐటీ, ఉప్పు ప్యాకెట్ కొన్నా రివ్యూలు చదువుతాడు.

"రేటింగ్ చూడు దయా, ఫోర్ పాయింట్ నైన్. టాప్ ర్యాంకు. దీనికి మించిన తూటా మార్కెట్లోనే లేదు."

"రైఫిల్ రివ్యూలు చదవదు క్రిస్టో."

"కానీ కాగితం చెప్తోందిగా! నా పెట్టెలోంచి కాల్చిన ఐదూ చూడు, ఎంత దగ్గరగా పడ్డాయో."

టీ తాగుతున్న బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "బరువైన గుండు పెట్టమ్మా. మ్యాగ్నమ్ లాంటి పెద్ద రైఫిల్ పెట్టుకుని తేలికది వాడతారా ఎవరైనా? ఎల్క్ అంటే పిట్ట కాదు."

"పోయినేడు నువ్వు బరువైందే పెట్టావు కదా బాబాయ్," అనేసి నాలుక కరుచుకుంది. బాబాయి టీ ముగించకుండానే లేచి వెళ్లిపోయాడు.

"బాగుంది," అన్నాడు క్రిస్టో. "గురి చూసి కొట్టావ్."

నిజానికి ఎవరి మాటా తీసిపారేసేది కాదు. ప్రతి శనివారం రకానికో కాగితం, కాగితానికి ఐదు తూటాలు కాల్చేది దయావతి. క్రిస్టో తెచ్చిన ఖరీదైనవి ఐదింటికి ఐదూ నిమ్మకాయంత చోటులోనే పడేవి. బాబాయి బరువైనవి అరచేయంత మేర చెదిరేవి. మూడోది రేంజి దగ్గరే గార్నెట్ నడిపే కొట్లో దుమ్ముపట్టి ఉన్న మామూలు రకం, గుండు నూట ఎనభై గ్రెయిన్ల తూకం. మొదటిది బాగానే పడేది. రెండోది పైకి, మూడోది కుడికి, ఐదోదయితే పక్కవాడి కాగితం మీదికి వలసపోతుందేమో అన్నట్టుండేది.

దయావతికి ఈ విద్య ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, తప్పులు చేసి, తనే పట్టుకుంది. తూటాల పెట్టె మార్చినప్పుడల్లా రైఫిల్ గొట్టం తుడవడం, చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలేదాకా కాళ్లూపుతూ కూర్చోవడం, ఏ చిల్లు ఎన్నోదో పక్కనే పెన్నుతో అంకె వెయ్యడం. మ్యాగ్నమ్ వెనక్కి తన్నే తన్నుకి ఆమె భుజం వంకాయ రంగుకి తిరిగింది. నర్సింగ్ హోంలో తొంభై ఏళ్ల మామ్మ ఒకావిడ అది చూసి, "వాడి పేరు చెప్పు పిల్లా, నేను చూసుకుంటా," అంది కూడా.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, నాలుగు వారాల కాగితాలూ హాల్లో నేల మీద పరిచింది. మొత్తం పన్నెండు. దుప్పి నాలుక తగిలిన చోట కాగితం ముడతపడి, ఆరి, చిల్లు చుట్టూ తెల్లటి మచ్చ కట్టింది. ఆమె మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో మచ్చ పక్కనున్న అంకె చదివింది.

ఒకటి. ఒకటి. ఒకటి.

పన్నెండింటి మీదా ఒకటే.

"ఓసి దీని తెలివి తగలెయ్యా!" అని గట్టిగానే అంది.

"ఎవరిది?" అన్నాడు సోఫాలోంచి క్రిస్టో.

ఆమె క్రిస్టో పెట్టెతో కాల్చిన నాలుగు కాగితాలూ ఒకదాని మీద ఒకటి అంచులు కలిపి కిటికీకేసి ఆనించింది. ఐదూ ఒకచోటే ఉన్నా, ఆ చోటే మారింది: ఒక వారం ఒకటో నంబరు పైన, మరో వారం ఎడమన, ఇంకో వారం ఎక్కడో. నాలుగూ కలిసి వెలుగు రానివ్వలేదు. బాబాయివీ అంతే. గార్నెట్ కొట్లోవి ఆనించింది.

నాలుగు కాగితాల్లోంచి ఒక్క చిల్లు గుండా ఎండ వచ్చి ఆమె బుగ్గ మీద పడింది.

"ఇలా రా," అని మొగుణ్ణి పిలిచింది. "అడవిలో మనం ఐదు కాలుస్తామా? చల్లటి గొట్టంలోంచి వచ్చే మొదటిదే దాని ఒంట్లోకి పోయేది. తక్కినవి వేడెక్కాక ఎంత ముద్దుగా పడితే దానికేంటి?"

క్రిస్టో చిల్లులోంచి వీధిని చూశాడు. "మరి రివ్యూల్లో ఎవడూ ఇది రాయలేదే," అన్నాడు.

ఐదో శనివారం దయావతి ఒక్క పెట్టే తీసుకెళ్లింది. ఒక్క తూటా కాల్చింది. ఖాళీ అని కనపడేలా బోల్టు తెరిచి, రైఫిల్ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"అంతేనా?" అన్నాడు పక్క బల్ల వాడు.

"అంతే."

దుప్పి వచ్చింది. జెండా లేచింది. అది ఆ ఒక్క చిల్లునీ అటునుంచి చూసింది, ఇటునుంచి చూసింది. ఈసారి నాలుకతో తాకలేదు. కాగితాన్ని పళ్లతో పట్టి బోర్డు మీంచి ఊడబీకి, తీరిగ్గా నమిలి, మింగేసింది.

"హమ్మయ్య, కుదిరింది," అన్నాడు గార్నెట్.

సీజను మొదటి రోజు తెల్లారేసరికి దయావతి, బాబాయి కపెల్ లోయలో ఒక మిట్ట మీద ఉన్నారు. బాబాయి తాళ్లు, టార్చిలైట్లు, రెండు రోజులకి సరిపడా పులిహోర, నెత్తురు జాడ పడిన చోటల్లా కట్టడానికి ఎర్ర రిబ్బను తెచ్చుకున్నాడు. "ఏం జరిగినా వెతకడానికి నేనుంటానమ్మా," అన్నాడు.

దుప్పి చెట్లలోంచి వచ్చి, రెండు వందల అడుగుల దూరంలో పక్కకి తిరిగి నిలబడింది. తొందరేమీ లేదన్నట్టు ముందుకాలు సర్దుకుంది. దయావతి ఊపిరి సగం వదిలి ఆపింది.

ఒక్కటే చప్పుడు. దుప్పి నిలబడ్డ చోటే కూలింది. కాలు కూడా కొట్టుకోలేదు.

బాబాయి చేతిలో ఇంకా రిబ్బను చుట్ట ఉంది. దాన్ని గడ్డిలో పెట్టేసి, ఆమెకన్నా ముందు నడిచాడు. దుప్పి మెడ మీద అరచెయ్యి ఆనించి, "ప్రభువా," అన్నాడు. తర్వాతి మాట కోసం వెతుక్కున్నాడు. దొరికింది. మెల్లగా, చివరిదాకా చేశాడు ప్రార్థన.

ఆమెన్ అని తలెత్తేసరికి చెట్లలోంచి మరో దుప్పి నడిచొస్తోంది, దీనికన్నా పిన్నది. దయావతిని దాటి వచ్చి, ఎలియాజరు చేతుల్ని వాసన చూసింది. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి. ఆయన కదల్లేదు.

"ఈ ఏడు నేను అప్లై చెయ్యలేదే," అన్నాడు.

"పైయేటికేమో బాబాయ్."

అది వెనక్కి తిరిగి చెట్లలోకి పోయింది. బాబాయి దాన్ని కనుమరుగయ్యేదాకా చూసి, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ తూటాల పెట్టెలు గార్నెట్ దగ్గర ఇంకా ఉన్నాయంటావా?"

"ఇదే బ్యాచ్‌వి ఎనిమిది ఉన్నాయి," అంది దయావతి కత్తి తీస్తూ. "సోమవారం వెళ్లి అన్నీ పట్టుకొచ్చేస్తా."