సింకులో కూర్చున్న నది

సోమవారం ఉదయం ల్యాబ్ తలుపు తీసేసరికి సింకులో ఒక నది కూర్చుని ఉంది.

మన నది కాదు. చల్లగా, పచ్చగా ఉంది. ఒంటి మీద రెండు వంతెనల నీడలున్నాయి. కుళాయిలోంచి వచ్చానని చెబుతుంది. మెడలో ఎక్కడో ఉత్తరాన ఉన్న మంచుదేశపు విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు వేలాడుతోంది. వాళ్ళతో మాకు పోయినేడే ఒప్పందం కుదిరింది కాబట్టి వచ్చింది అతిథే.

నీళ్ళూ కరెంటూ దుబారా కాకుండా ప్రయోగశాల నడిపే పద్ధతులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలన్నది ఆ ఒప్పందం. ఫ్రీజరును మరీ అంత చల్లగా పెట్టక్కర్లేదని వాళ్ళు మాకు నేర్పారు. మేమింకా ఏమీ నేర్పలేదు. మా వంతు వచ్చింది కాబోలు అనుకుంటాను.

నా దగ్గర రీసెర్చి చేసే ఓబులేసు వచ్చి, నదిని చూసి, చెప్పులు బయట విడుస్తాడు.

"మేడం, నది వచ్చిండాది. యాడ కూచోబెట్టల్ల?"

"టబ్బులో," అంటాను.

రసాయనం మరిగేటప్పుడు లేచే ఆవిరి చల్లారాలంటే గాజు గొట్టం చుట్టూ నీళ్ళు పారుతూనే ఉండాలి. నది ఉన్న ఊళ్ళో కుళాయి తిప్పి వదిలేస్తారు. పొద్దస్తమానం పారి మోరీలో కలుస్తాయి. అనంతపురంలో ఆ పని చేస్తే వీధి వీధంతా మీద పడుతుంది. అందుకే మేం ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, ఎయిర్ కూలర్ మోటారు ముంచి, అవే నీళ్ళు పైకి పంపి మళ్ళీ టబ్బులోకే దింపుకుంటాం. నీళ్ళు మార్చేది పండక్కీ పబ్బానికీ.

నది మొత్తం టబ్బులో పట్టేస్తుంది. ఎందుకు పట్టదు, మా ఇళ్ళలో వారానికి సరిపడా నీళ్ళు పట్టే టబ్బది. ఓబులేసు మోటారు వేస్తాడు. నది గొట్టం చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ టబ్బులోకే దిగుతుంది. తమ ల్యాబులో ఒకసారి గొట్టం దాటితే మళ్ళీ తన మొహం చూసినవాళ్ళు లేరనీ, అందుకే పని మానేసి వచ్చాననీ తర్వాత చెబుతుంది. నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

మా ఊళ్ళో నీళ్ళొచ్చిన కబురు దాగదు. వస్తే ఎవరివని అడిగే అలవాటూ లేదు, ముందు పట్టుకోవడమే. చరిత్ర శాఖ వాళ్ళు బిందెలతో వస్తారు, హాస్టలు పిల్లలు బకెట్లతో, ప్రిన్సిపాల్ గారు కుక్కరు గిన్నెతో. నేనూ బీకర్లన్నీ నింపుతాను. మధ్యాహ్నానికి బిందెకో మలుపు, బకెట్టుకో వంతెన నీడ. టబ్బు అడుగున నది పలుచగా పడి ఉంది.

అప్పుడు ఇంగ్రిడ్ వస్తుంది. ఆ విశ్వవిద్యాలయంలో మా ఒప్పందం చూసే ప్రొఫెసరు. నది వచ్చిన దారి ఎండి బాటయింది, ఆ బాటనే నడిచి వచ్చింది. ఆమె తన భాషలో మాట్లాడుతుంది, నాకు తెలుగులోనే వినిపిస్తుంది. తమ ఊళ్ళో పడవలన్నీ బురదలో పక్కకు ఒరిగాయట. పిల్లలు వంతెన మీద నిలబడి కిందికి చూస్తున్నారట. నదిని పంపించమని అడుగుతుంది.

ఎవరూ బిందె దించరు.

"ఇన్నేండ్లకు వచ్చిండాది మేడం," అంటాడు ఓబులేసు మెల్లగా. "ఇడిసిపెడితే మల్లా వస్తాదా?"

నాకూ ప్రాణం ఒప్పుకోదు. కానీ టబ్బు అడుగు నుంచి నది అంటుంది: "మళ్ళీ మోరీలో పోయకుంటే వెళ్తాను."

ఎలా పోయకుండా ఉండాలో తమకు తెలియదని ఇంగ్రిడ్ ఒప్పుకుంటుంది. నేను మోటారు తీసి ఆమె చేతిలో పెడతాను. అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

"ఇంతేనా?"

"ఇంతే. ఇంతే అనడానికి మాకు చాలా ఎండాకాలాలు పట్టింది."

ముందు నేనే నా బీకర్లు టబ్బులో ఒంపుతాను. తర్వాత ఓబులేసు. తర్వాత బిందెలు, బకెట్లు, చివరికి కుక్కరు గిన్నె. ఒక్కరూ లోటాడు నీళ్ళు కూడా దాచుకోరు. దాహంతో ఉన్నవాళ్ళు నదిని చుక్క తగ్గకుండా తిరిగివ్వడం నేను కళ్ళారా చూస్తున్నాను. ల్యాబును చూసి పడ్డ గర్వం దీని ముందు ఏపాటిది.

ఓబులేసు తువ్వాలు చుట్ట చుట్టి ఇంగ్రిడ్ తల మీద పెట్టి, దాని మీదికి టబ్బెత్తుతాడు. ఉన్న కాసిని నీళ్ళతో బతకడం తమ దగ్గరి మిగతా నదులకు ఎవరు నేర్పుతారని ఆమె అడుగుతుంది. నాకు పరీక్షల పని ఉంది. తలుపు దగ్గర ఇసుక రాలిన చప్పుడవుతుంది. తాడిపత్రి వైపు నుంచి మా పెన్న నది వచ్చి నిలబడి ఉంది, ఒంట్లో తడి లేదు.

"నేను పోతా," అంటుంది.

అతిథిని సాగనంపాలి కాబట్టి నేనూ వెంట నడుస్తాను. ఎండిన బాట ఆ చివర, వాళ్ళ విశ్వవిద్యాలయంలో పెద్ద తరగతి గది. పెన్న లోపలికి అడుగు పెట్టగానే ఆ మంచుదేశపు నదులన్నీ బెంచీల మీంచి లేచి నిలబడతాయి. పెన్న తన గుండె మీది ఇసుకను వేళ్ళతో తవ్వి చెలమ తీస్తుంది. నీళ్ళు ఊరేదాకా ఎవరూ కూర్చోరు. ఊరాక, ముందు వరుసలోంచి ఒక్కో పెద్ద నది వచ్చి, వంగి, దోసిలి పట్టి తాగుతుంది.