ఎడమ ఇండికేటర్

ఎరువుల దుకాణం ఆగయ్యన్న షట్టర్ రిమోటు ఊకె పారేసుకుంటడు. నా మెకానిక్ షెడ్డుకొచ్చి, "గిది బండికే బిగియ్యి ఐలేశ్" అన్నడు. హారన్ మీటకు కలుపుదామంటే పొద్దంత కొడుతనే ఉంటడు.

"ఎడమ ఇండికేటర్ ఎన్నడన్న ఏసినవా అన్నా?"

"చెయ్యి సాపుత గని, గదెందుకు?"

దానికే కలిపిన.

నిన్న బండి ఆయన బిడ్డ శ్వేత తీస్కపోయింది. కొత్తగ లైసెన్సు తీసిన పిల్ల. దుకాణం పక్క సందులకు మలిగేటప్పుడు ఎడమ ఇండికేటర్ ఏసింది. లోపటి నుంచి మూసున్న షట్టర్ లేసింది. లోపట, షుగరుకు తీపి మానేసిన ఆగయ్యన్న జిలేబి పొట్లం ముంగటేసుకొని కూసున్నడు.

ఇయ్యాల నా మీదికొచ్చిండు, వైరింగ్ ఖరాబుందని.

వైరింగ్ మంచిగనే ఉంది. ఆ పిల్లకే బండి నడుపుడు సక్కగొచ్చు.