బోర్లించిన గ్లాసు

ఉదయం ఆరూ ఇరవైకి ముసలి దర్జీ తన స్నానాలగదిలో నేల మీద దొరికాడు. ప్రాణంతో ఉన్నాడు.

అంతకు ఇరవై నిమిషాల ముందు గంటమ్మ చర్చి గంట పన్నెండుసార్లు కొట్టి, తాడు మేకుకు చుట్టి, తాళంచెవుల గుత్తి తీసుకుని బయల్దేరింది. చర్చి ఊడవడం, బెంచీలు తుడవడం, గంట కొట్టడం ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పని. తాడు లాగి లాగి కుడి భుజం కాస్త కిందికి దిగింది. అసలు పేరు అడిగితే పాస్టరు కూడా ఆలోచించి చెప్పాలి.

ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లు పదకొండు. ఒక చలికాలంలో ఒకావిడ పోయిన సంగతి నాలుగు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత చర్చి ఒక పద్ధతి పెట్టింది. నిద్ర లేవగానే వీధి కిటికీ గట్టు మీద గ్లాసు బోర్లించాలి. గంటమ్మ వచ్చి దాన్ని తిప్పి నిలబెట్టి వెళుతుంది. గ్లాసు బోర్లించి లేకపోతే తలుపు తడుతుంది. పలక్కపోతే తాళం తీస్తుంది. చర్చికి వచ్చేవాళ్లా, రానివాళ్లా అన్న లెక్క లేదు. దర్జీ ఏనాడూ రాలేదు.

గంటమ్మా ఒంటరిదే. ఆవిడకు గ్లాసు లేదు. గంట మోగిందంటే ఆవిడ లేచినట్టే.

దర్జీది నాలుగో ఇల్లు. స్టీలు గ్లాసు బోర్లించే ఉంది. తిప్పి పెట్టి ముందుకు నడిచింది. అయిదో ఇంటి దగ్గర గ్లాసు పట్టుకుంటే వేళ్లు జారాయి. చూసుకుంది. అరచెయ్యి తడిగా ఉంది. ఈ గ్లాసు పొడిగానే ఉంది.

ఇప్పుడే పెట్టిన గ్లాసు మీద మంచు ఉండదు. రాత్రి పెట్టినదాని మీద ఉంటుంది.

గంటమ్మ పరుగెత్తడం ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆ రోజు పాలాయన చూశాడు, వెనకే దర్జీ ఇంటికి వచ్చాడు.

"బాబాయ్!" తాళం తీసి, స్నానాలగది గుమ్మంలోనుంచి అరిచింది.

"అరవకు. చెవులు బాగానే ఉన్నాయి, కాలే లేవడం లేదు," అన్నాడు దర్జీ. పెదాలు నల్లబడ్డాయి.

ఆవిడ మంచం మీది దుప్పట్లు రెండూ తెచ్చి కప్పింది. పాలాయన్ని పాస్టరు దగ్గరికి పంపింది.

"గ్లాసు ఎప్పుడు పెట్టావు?"

"రాత్రి, పడుకోబోయే ముందు."

"ఎన్నాళ్లనుంచి ఈ వేషాలు?"

"చలి మొదలైనప్పటినుంచి. నీ గంటకు లేవడం నావల్ల కాలేదు." దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "గ్లాసు తిప్పిన చప్పుడు విన్నాను. పిలిచాను. గొంతు బయటిదాకా రాలేదు. నీ అడుగులు వెళ్లిపోయాయి."

"వచ్చానుగా."

"తిట్టు, గంటమ్మా. నువ్వు తిట్టకపోతే భయంగా ఉంది."

"తిడతాను. ముందు ఈ చేతులు వెచ్చబడనీ."

పాస్టరు వ్యాను తెచ్చాడు. తలుపు రెక్క ఊడదీసి దాని మీద దర్జీని పడుకోబెట్టి, నలుగురు మోసి ఎక్కించారు.

మిగిలిన ఇళ్లకు గంటమ్మ గంటసేపు ఆలస్యంగా వెళ్లింది. తొమ్మిదో ఇంటి పంతులమ్మ చేతికర్రతో గుమ్మంలో నిలబడి ఉంది.

"గంట మోగింది, నువ్వు రాలేదు. ఇంకో అయిదు నిమిషాలు చూసి నిన్ను వెతకడానికి బయల్దేరేదాన్ని."

"ఆ మోకాళ్లతోనా, అత్తయ్యా?"

"చేరేసరికి సాయంత్రమయ్యేదిలే."

గంటమ్మ గుమ్మంలోనే కూర్చుంది. పంతులమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగింది. లేచి పదో ఇంటికి బయల్దేరింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు పాస్టరు ఫోన్ చేశాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేస్తారు. నడుస్తాడని, ఇంకో రెండు గంటలు ఆ నేల మీద ఉంటే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. దర్జీ చెల్లెలు ఆసుపత్రికి వచ్చింది. ఇకనుంచి తన దగ్గరే ఉంచుకుంటానంది. ఆయన సరేనన్నాడు.

నాలుగు గంటలకు వ్యాను తిరిగొచ్చింది. గంటమ్మ దర్జీ బట్టలు, కళ్లజోడు, పెద్ద కత్తెర సంచిలో సర్ది పాస్టరుకు అందించింది. తలుపు రెక్క మళ్లీ బిగించారు. ఆవిడ తాళం వేసింది.

కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు పొద్దున తిప్పి పెట్టినట్టే ఉంది. దాని మీద తడి ఆరిపోయింది.